నా రక్తం బాగున్నదా?

మొన్న సోమవారం పొద్దున్నే బయ్యారం నుంచి ఫోను వచ్చింది. మా మేనత్త నిద్రలోనే పోయిందట. నాన్న ఫోను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. రోజూ ఆ వేళకు ఆమే చేసేది. "ఎట్లున్నవ్ తమ్మీ" అని కాదు, "నా రక్తం బాగున్నదా?" అని అడిగేది.

ఆ ప్రశ్న సంగతి మీకు చెప్పాలి. తెలంగాణ ఉద్యమం ఊరూరా ఉడుకుతున్న రోజుల్లో నాన్నకు రక్తక్యాన్సర్ వచ్చింది. హైదరాబాదులో అత్తమ్మ మూలకణాలు తీసి ఆయనకు ఎక్కించారు. కొన్ని నెలలకు నాన్న రక్తం గ్రూపే మారిపోయి అక్క గ్రూపు వచ్చింది. అత్తమ్మ సంబరం చూడాలి! జనగామలో మా వాడంతా తిరిగి చెప్పుకుంది. ఏడాది తిరగకుండానే జబ్బు మళ్ళీ వచ్చింది.

"నా రక్తమే కొట్లాడలే. తప్పు నాదే" అని డాక్టరమ్మ ముందు ఏడ్చేసింది.

"మీ తప్పేం లేదమ్మా. మీ కణాలు ఆయన ఒంటి మీదే తిరగబడకుండా మేమే మందులతో అణచి ఉంచాం. ఇప్పుడు ఆ మందులు ఆపేశాం. మీ తెల్లకణాలు ఇంకొన్ని తీసి ఎక్కిస్తాం. జబ్బుతో అవే కొట్లాడాలి. గ్యారంటీ మాత్రం ఇవ్వలేను" అంది డాక్టరమ్మ.

అత్తమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. "అట్ల చెప్పు! చేతులు కట్టేసి కొట్లాడుమంటే ఎట్ల కొట్లాడ్తది?"

నాన్నకు ముందు కీమో ఇచ్చారు. కణాలు తీసే తేదీకి ముందు రోజు బయ్యారం వెళ్ళి, అత్తమ్మను తీసుకుని దగ్గర్లోని మానుకోటలో రైలెక్కాను. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు ఆగిపోయింది. పట్టాల మీద జెండాలు, డప్పులు, పక్కనే గంజుల్లో ఉడుకుతున్న అన్నం. పొద్దునకల్లా ఆమె దవాఖానలో ఉండాలి. ఇంకేదైనా బండి దొరుకుతుందేమోనని నేను అటూ ఇటూ చూస్తున్నాను. ఆమె మాత్రం దిగి నేరుగా జనం మధ్యకు నడిచింది.

"తమ్మీ, నేను సుత మానుకోటల పట్టాల మీద కూసున్నదాన్నే. రైలు ఆపుండ్రి, మంచిదే. నన్ను ఆపకుండ్రి. మా తమ్ముడు నా రక్తం కోసం ఎదురుచూస్తుండు."

డప్పు ఆగింది. "తిన్నవా అక్కా?" అని అడిగాడొకాయన. విస్తరిలో అన్నం పెట్టి, తిన్నదాకా ఊరుకోలేదు. జీపు తెచ్చి జెండా కట్టారు. ఒకతను పక్కన వేలాడుతూ "దవాఖాన, దవాఖాన!" అని అరుస్తుంటే జనం జరిగి దారి ఇచ్చారు. అత్తమ్మ కిటికీలోంచి పిడికిలి బయటపెట్టి జై తెలంగాణ అంటోంది.

"చెయ్యి లోపల పెట్టు అత్తమ్మా! రేపు సూది ఆ చేతికే!" అని నేను మొత్తుకున్నాను. అంత భయంలోనూ నవ్వాగలేదు.

ఆ కణాలు ఎక్కించిన కొన్ని వారాలకు నాన్న చేతులు ఎర్రబడి ఒకటే దురద. మేం భయపడి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం. అత్తమ్మ ఎగిరి గంతేసింది. "నా రక్తం లొల్లి షురు చేసింది!" కొంచెమైతే మంచి గుర్తేననీ, మితిమీరితే ప్రమాదమనీ చెప్పి డాక్టరమ్మ మందు రాసింది. తర్వాతి పరీక్షల్లో జబ్బు జాడ లేదు. తెలంగాణ వచ్చిన రోజు అక్కాతమ్ముళ్ళిద్దరూ బజారులో చిందులేశారు.

మొన్న బయ్యారంలో నాన్న చెప్పుల్లేకుండా ఆమె పాడె మోశాడు. తిరిగి వస్తుంటే మడమలో ముల్లు దిగింది. నేను లాగేశాను. ఎర్రగా ఒక బొట్టు ఉబికింది. తుడవబోతే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"జర ఆగు బిడ్డా" అని, ఆ బొట్టునే చూస్తూ మెల్లగా అన్నాడు.

"బాగున్నదక్కా."