మావయ్య వండిన దేశాలు

మా మావయ్య నీళ్ళ పన్నుల ఆఫీసులో హెడ్ గుమాస్తా. ఊరు దాటింది లేదు గానీ ఆదివారం వస్తే చాలు, ఏదో ఒక దేశం మీద పడేవాడు. ఒక వారం మెక్సికో మాంసం, ఒక వారం ఇథియోపియా కోడికూర, మరో వారం థాయ్‌లాండ్ రొయ్యలు. ప్రపంచ సంప్రదాయ వంటల పుస్తకం గట్టు మీద తెరిచి పెట్టుకునేవాడు. అందులో రెండు మిరపకాయలని ఉంటే, "రాసినవాడికి చెయ్యి రాలేదు" అని పన్నెండు వేసేవాడు.

వంట కాగానే గిన్నె మీద మూత పెట్టి, "గంటసేపు మగ్గాలి, ఎవరూ ముట్టుకోవద్దు" అని హుకుం జారీ చేసి, తీరిగ్గా గడ్డం గీసుకుని, తలస్నానం చేసి వచ్చేవాడు. అత్తయ్య వడ్డించేది. నిజం చెప్పొద్దూ, అద్భుతంగా ఉండేది. వడ్డించే వేళకి పిలవకుండానే వచ్చి కూర్చునే నాకు అబద్ధమాడాల్సిన అవసరమేముంది? రుచంతా మగ్గడంలోనే ఉందని మావయ్య ఉపన్యాసం ఇచ్చేవాడు. అత్తయ్య మరో గరిటె వేసేది.

పదకొండేళ్ళు ఇలా పొగిడించుకున్నాక మావయ్యకి ఉద్యోగం మీద మొహం మొత్తింది. హోటల్ పెడతానన్నాడు. ఆఫీసులో పెద్ద సారు వీడ్కోలు విందుకి తానే వండుతానని, అది కుదిరితే మర్నాడే రాజీనామా ఇస్తానని ప్రకటించాడు. ఇద్దరు పిల్లల చదువులు నెత్తిమీదున్నాయి.

"నేనూ సాయం వస్తానండీ" అంది అత్తయ్య.

"ఆఫీసు క్యాంటీన్‌లో నీకేం పని?" అన్నాడు.

ఆ విందులో వడ్డన నాది. నలభై మందికీ కళ్ళమ్మట నీళ్ళు కారాయి. అయినా పెద్ద సారు ముక్కు తుడుచుకుంటూ "అసలు సిసలు విదేశీ రుచి!" అనేసరికి, కాదంటే తమకి లోకజ్ఞానం లేదనుకుంటారని మిగతావాళ్ళూ తలలూపారు. ఒక్కడంటే ఒక్కడు నిజం చెప్పలేదు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పొగడ్తల సందడిలో తాను తినడమే మరిచిపోయిన మావయ్య, సాయంత్రం మిగిలిన కూర క్యారియర్‌లో పట్టుకుని, ఉబ్బితబ్బిబ్బవుతూ ఇంటికొచ్చాడు.

"రేపే రాజీనామా పడేస్తున్నా!"

అత్తయ్య పళ్ళెం పెట్టి ఆ కూరే వడ్డించింది. మావయ్య ఒక్క ముద్ద తిన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చెంబెడు నీళ్ళు తాగితే గానీ మాట రాలేదు.

"ఇంట్లో ఇలా ఉండదే! నేను స్నానానికెళ్ళాక నువ్వేమైనా కలిపేదానివా?"

"కలపడం కాదండీ" అంది అత్తయ్య, తల దించుకుని. "పారబోసి, పుస్తకంలో ఉన్నట్టు మళ్ళీ వండేదాన్ని."