చింతగింజల పందెం

నా చిన్నప్పుడు, కోతలైపోయి చేలు ఖాళీ అయ్యాయంటే చాలు, మా చిన్నమామ గొర్రెలు తోలుకుని దిగిపోయేవాడు. మా అమ్మకు సొంత తమ్ముడు. రాత్రిళ్ళు ఎరువు కోసం మా చేలో మంద కట్టేవాడు, పగలు ఎండ తగ్గేదాకా మా వసారాలో కూర్చునేవాడు. మా మార్కాపురం పక్క పల్లెలు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. కొత్త రాష్ట్రం వచ్చిందని పెద్దవాళ్ళు ఏదేదో చెప్పుకునేవారు గానీ, మా వసారాలో మాత్రం మూడుముక్కలాట తప్ప వేరే లోకం లేదు. ఆడేది మా నాయన వాళ్ళ నాన్న తాతయ్య, మామ, మా నాయన చెల్లెలు చిన్నత్త, నేను. పందెం చింతగింజలు. ఇంట్లో చింతపండు కొట్టేది అత్తే కాబట్టి గింజలకు కరువుండేది కాదు.

ఒకరోజు నాకు మూడు రాజులు పడ్డాయి. ఇంకేముంది, ఆగలేక నా కుప్పంతా ఒక్కసారిగా మధ్యలోకి తోసేశాను. ముగ్గురూ నా మొహం చూసి నవ్వుకుంటూ ముక్కలు కింద పడేశారు. అంత గొప్ప ముక్కలకు నాకు దక్కింది మొదట అందరూ వేసిన ఒక్కో గింజే. ఏడుపు లంకించుకున్నాను. మామ నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

"ఏంది పిల్లా, అట్ల కుమ్మరిస్తే ఎవురు కూసుంటారు? గట్టి ముక్కలు పడినప్పుడు మొగం మామూలుగా పెట్టుకోవాల. ఒక గింజెయ్యి, ఆగు. మళ్ళ రెండెయ్యి. ఎదుటోళ్ళని కూసోబెట్టుకోవాల."

"మరీ నిదానం చేస్తే ఎదుటోళ్ళు లేసిపోతారు బావా," అంది అత్త తల ఎత్తకుండా. మామ నవ్వాడు. నేను ఆట గురించే అనుకున్నాను.

మామకు అత్తంటే ఇష్టమని ఇంట్లో తెలియనిది ఎవరికి! అత్తకూ ఇష్టమే. వరస కలిసింది, తాతయ్యకు మామంటే ప్రాణం, అల్లుడా అని తప్ప పిలిచేవాడు కాదు. అడగడమే తరువాయి. కానీ మా వాళ్ళలో మగపిల్లవాడి తరఫువాళ్ళే వచ్చి పిల్లను అడగాలి. పిల్ల తండ్రి తనంతట నోరు తెరిస్తే చులకన. అడగరా తమ్ముడా అని అమ్మ ఎన్నిసార్లు పోరిందో. వింటేనా ఆ మొద్దు మనిషి! "గొర్రెలు ఈనుకోనీ అక్కా. మంద పెద్దదైనాక తలెత్తుకోని అడుగుతా. పిల్ల యాడికి పోతాది?" అనేవాడు.

ఆ ఏడు మేత ఎండిపోయింది. మామ మందను తోలుకుని దోర్నాల అవతల అడవికి వెళ్ళిపోయాడు. ఏ కొండ కింద ఉన్నాడో కబురు పెట్టే దారి లేదు. అప్పుడే పామూరు నుంచి అత్తకు సంబంధం వచ్చింది. మా తమ్ముడొచ్చేదాకా ఆగండి మామా అని అమ్మ తలుపు చాటు నుంచి తాతయ్యను బతిమాలింది. "వానికి నోరు లేదా అమ్మా? వచ్చిన సంబంధాలన్నీ వాని కోసమే తిప్పి పంపితిని. ఇంకా పిల్లను పెట్టుకోని కూసుంటే ఊరు ఏమంటాది?" అన్నాడు తాతయ్య. అత్త ఇష్టమేమిటో ఎవరూ అడగలేదు. ఆ కాలపు ఆడపిల్లను అడిగిందెవరు గనుక!

తొలకరికి మామ తిరిగొచ్చాడు. మంద నిండా పిల్లలు, చేతిలో అడవి తేనె, మొహం నిండా నవ్వు. కాళ్ళు కడుక్కుని వసారాలో కూర్చుని, మొట్టమొదటిసారి పిల్లను అడిగాడు. అప్పటికి పామూరు వాళ్ళతో తాంబూలాలు మార్చుకుని వారం కూడా కాలేదు. తాతయ్య కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

"పోయే ముందర ఒక్క మాట అడిగింటే ఇయ్యనంటినా అల్లుడా? మాట ఇచ్చేసినాను. ఇప్పుడేం చేసేది?"

మామ తేనె కుండ అమ్మ చేతికిచ్చి అట్లాగే కూర్చుండిపోయాడు. పెద్దవాళ్ళ మొహాలు చూస్తే నాకు భయమేసింది. నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, పేక తెచ్చి పంచాను. తాతయ్య పక్కకు తిరిగి పడుకున్నాడు. ఏమనుకుందో గానీ అత్త వచ్చి కూర్చుంది. గింజలు పంచుకున్నాం.

మామ తన ముక్కలు ఎత్తి చూడనైనా లేదు. కుప్పంతా రెండు చేతులతో మధ్యలోకి తోసేశాడు.

అత్త ఆ గింజల వంక చూసింది. "ఇప్పుడా బావా?" అంది. ముక్కలు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఎవరూ చూడకుండా మామ ముక్కలు తిప్పి చూశాను. రెండు, అయిదు, తొమ్మిది. జత కూడా లేదు. నవ్వొస్తుందేమో అనుకున్నాను, ఏడుపొచ్చింది.

తరువాత మామకూ పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, మంద ఇంకా పెరిగింది. పేక మాత్రం మళ్ళీ ముట్టలేదు. మా చేలో మంద కట్టడానికీ రాలేదు. ఆ మనిషి మీద నాకు ఇన్నేళ్ళైనా కోపం పోలేదు, జాలీ పోలేదు.

నేను పేకాటలో ఇప్పటికీ మామ చెప్పినట్లే ఆడతాను. గట్టి ముక్కలు పడితే ఒక గింజ వేసి ఆగుతాను. బతుకులో మాత్రం ఆగను. మా ఆయన పెళ్ళిచూపులకు వచ్చిన రోజు, పిల్లవాడు నచ్చాడా అమ్మా అని నాయన మాటవరసకు అడిగాడు. వచ్చినవాళ్ళంతా వింటుండగా నచ్చాడనేశాను. సిగ్గులేని పిల్ల అని వసారా అంతా గొల్లున నవ్వింది. పామూరు నుంచి వచ్చిన చిన్నత్త మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి నా తల నిమిరి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.