ఇనుప కత్తులు వచ్చిన ఆదివారం

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక పాత తెలుగు సినిమా పెట్టుకుని, పద్యం మొదలైన చోటల్లా బొటనవేలితో ముందుకు తోసేస్తూ, ఆఖరి కత్తియుద్ధం దగ్గరకు వచ్చాక మాత్రం కళ్లార్పకుండా చూసింది. "ఏంది అవ్వా, చంపుకునేదాన్ని వదిలేసి పాడతానే ఉండారు!" అంది. ఆ సినిమా అంతకుముందు నాటకమని, దాన్ని మన ఇంట్లోవాళ్లే ఆడేవాళ్లని, ఆ యుద్ధంలో నేను నిజం రక్తమే చూశానని చెప్పబోయి ఊరుకున్నాను. మీతో అయితే చెప్పగలను. పద్యం వినడానికి చాప చంకన పెట్టుకుని బయలుదేరిన తరం మనది.

మా నాన్న, మా మేనమామ ఇద్దరూ పుదుచ్చేరిలో బట్టల మిల్లు కార్మికులు. ముదలియార్‌పేటలో మా ఇంటికి రెండిళ్ల అవతలే మామ ఇల్లు. తరాల కిందట వచ్చి స్థిరపడిన కుటుంబాలు మావి. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరం చదవగలిగినవాళ్లు తక్కువ. అందుకని పద్యాలన్నీ తమిళ లిపిలో రాసుకుని కంఠతా పట్టేవారు. ఆ లిపిలో క, గ రెంటికీ ఒకటే అక్షరం కాబట్టి మామ ఎంతో రౌద్రంగా "నీ కర్వము" అని గర్జించేవాడు, అది గర్వమని మేమంతా సర్దుకుని వినేవాళ్లం. నాకు మాత్రం మా నాటకాలకు హార్మోనియం వాయించే తాత తెలుగు చదవడం నేర్పాడు. అందువల్ల పక్కతెర వెనక నిలబడి మరిచిపోయిన మాటలు అందించే పని నాకు దక్కింది. అప్పటికి నాకు పదిహేడేళ్లు.

నాటకంలో నాన్న సింహాసనం మీది అన్న, మామ తిరగబడిన తమ్ముడు. చివరి అంకంలో అన్న చేతిలో తమ్ముడు చస్తాడు. వెండి కాగితం చుట్టిన చెక్క కత్తులు. ఒక్కో దెబ్బకు ముందు ఒక్కో పద్యం. దెబ్బ తగిలిందని చెప్పేది తబలాయే కానీ కత్తి కాదు. మామ కూలిపోయి, అన్నను శపిస్తూ మొదలుపెట్టి, చిన్నప్పుడు ఆ అన్న కలిపి పెట్టిన ముద్ద తలుచుకుంటూ ముగించే పద్యం పాడితే హాలంతా వన్స్ మోర్ అని అరిచేది. చచ్చినవాడు లేచి, కిరీటం సర్దుకుని, మళ్లీ పాడి మళ్లీ చచ్చేవాడు. ఒక్కరూ నవ్వేవారు కాదు. ఆ రెండో చావుకే మా అమ్మ ఎక్కువ ఏడ్చేది. చచ్చేవాడు తమ్ముడు, చంపేవాడు మొగుడు మరి.

అలాంటి రోజుల్లో ఆ నాటకాన్నే సినిమాగా తీశారు. మా ఊరి హాలుకు వచ్చిన మొదటి ఆదివారమే పేటలోని తెలుగు కుటుంబాలన్నీ మధ్యాహ్నం ఆటకు వెళ్లాయి. సగం పద్యాలు తీసేశారని నాన్న మొదటినుంచీ గొణుగుతూనే ఉన్నాడు. అబద్ధమెందుకు, నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. గుర్రాలు, మంటలు, కత్తికి కత్తి తగిలి రాలే నిప్పురవ్వలు, తమ్ముడి గుండెలోంచి చిమ్మిన నెత్తురు... పద్యం మనసులో పుట్టించే యుద్ధాన్ని తెర కళ్లముందు పెట్టేసింది. జనం ఈలలు వేసింది అన్నకు కాదు, తమ్ముడికి. మామ ముందుకు వంగి ఊపిరి బిగబట్టి చూశాడు.

ఆట ముగియగానే వెనక బెంచీలోంచి పక్క పేట ఉప్పళం కుర్రవాడొకడు అన్నాడు: "చూస్తివా మామా, చావంటే అదీ! నువ్వు సుమ్మా ఊరికే నిద్రపోతావు."

మామ బెంచీ దూకి వాడి గొంతు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. వాడి స్నేహితుడు సోడా సీసా పగలగొట్టి మామ చెవి కోశాడు. నాన్న మధ్యలో దూరి మామను బయటికి ఈడ్చుకొస్తుంటే, ఆ ఊపులోనే మామ నాన్న గుండె మీద గుద్దాడు. చెవి పట్టుకుని వీధిలో నిలబడి, "నీ చెక్కకత్తి వల్లే బావా నాకీ మాట," అన్నాడు.

తర్వాత మామ పాత లారీ కమాను పట్టీలను కొలిమిలో సాగగొట్టించి రెండు కత్తులు చేయించుకొచ్చాడు. పదును లేదు కానీ ఇనుము ఇనుమే. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"యాడికిరా అది? ఇనుము వద్దురా. ఇద్దరూ నావాళ్లేరా."

"బావకి భయమైతే చెప్పమనక్కా, మానేస్తా."

నాన్న చేయి చాచి ఒక కత్తి తీసుకున్నాడు.

మిల్లు కార్మికుల హాల్లో, ఒక ఆదివారం సాయంత్రం నాటకం. యుద్ధంలో మొదటి పద్యం నాన్న పాడాడు. రెండోది మామ అందుకోవాలి, అందుకోలేదు. మరిచిపోయాడనుకుని తెర వెనకనుంచి మొదటి మాట అందించాను, ఇంకొంచెం గట్టిగా అందించాను, ఈలోగా కత్తి దిగింది. నాన్న వేలి కణుపులు చితికాయి. ఈలలు మోగాయి. నాన్న ముఖంలో రాజు పోయి, నేనెప్పుడూ చూడని మనిషి వచ్చాడు. తిప్పి కొట్టిన దెబ్బకు మామ భుజం ఎముక కట్టె విరిగినట్టు పలికింది. మామ ఎడమచేత్తో కొట్టాడు. నాన్న నుదురు చీలి, నెత్తురు కళ్లలోకి కారింది. హార్మోనియం తాత వాయించడం ఆపి లేచి నిలబడ్డాడు. నేను పద్యం అరుస్తూనే ఉన్నాను, ఒక్కరు పాడినా ఆగిపోతుందేమోనన్న ఆశతో. జనం అది నాటకమే అనుకుని ఇంకా ఇంకా అంటున్నారు.

మా అమ్మ వేదిక ఎక్కింది. మామ కత్తి అప్పటికే పైకి లేచి ఉంది. ఆపుకోలేకపోయాడు. అడ్డుపెట్టిన అమ్మ కుడి మణికట్టు మీద పడింది.

ఆ చప్పుడుకు హాలంతా ఆగిపోయింది. మామ కత్తి పారేసి మోకాళ్ల మీద కూలబడ్డాడు. కళ్లలో నెత్తురు నిండి ఏమీ కనబడని నాన్న, వంగిన ఆ వీపు మీద కత్తి పిడితో కొడుతూనే ఉన్నాడు, నేనూ హార్మోనియం తాతా రెండు చేతులూ విరిచి పట్టుకునేదాకా.

ఆసుపత్రిలో అమ్మ మణికట్టు ఎముక అతికింది కానీ వంకరగా అతికింది. అమ్మ కుడిచేతి వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. ముద్ద ఎడమచేత్తో తినడం ఆవిడకు అన్నిటికన్నా సిగ్గుగా ఉండేది; నన్నే తినిపించమనేది. ఇద్దరిలో ఎవరినీ ఒక్క మాట అనలేదు. వాళ్లిద్దరూ మళ్లీ ముఖానికి రంగు వేసుకోలేదు, ఒకరితో ఒకరు మాట్లాడుకోనూ లేదు.

అయితే అమ్మ బిందె ఎత్తలేదు కదా. తెల్లారగానే వీధి కొళాయి దగ్గర ఒక బిందెతో నాన్న, మరో బిందెతో మామ నిలబడేవారు. ముందూ వెనకా నడిచి వచ్చి మా తొట్టిలోనే పోసేవారు. అమ్మ ఎడమచేత్తో ఒక్కొక్కటిగా రెండు కాఫీ గ్లాసులు అరుగు మీద పెట్టేది. అక్కడే కూర్చుని చెరో వైపు ముఖం తిప్పుకుని తాగేవారు. మామ పోయేదాకా అలాగే జరిగింది.

ఇప్పుడు మా వీధిలో ఇంటింటికీ కొళాయి ఉంది, మేడ మీద ట్యాంకూ ఉంది. కోపాలూ అప్పటివే. కానీ మాటలు మానుకున్న ఇద్దరు మనుషులు రోజూ పొద్దున్నే ఒకే అరుగు మీద కూర్చోవలసిన అవసరం మాత్రం ఎవరికీ లేకుండా పోయింది.