అట్ట మీది నోరు

ఆ రికార్డు అట్ట మీద మా బావ నోరుంది. మొహం కాదు, నోరు. పై పెదవి మీద ట్రంపెట్ ఒత్తుకుపోయి పడిన గుండ్రటి మచ్చ, కింద వాచిన చిగుళ్లు, మధ్యలో చీకటి. ఫొటో తీసినవాడు మరీ మీదికొచ్చి తీశాడు. భోజనానికి ముందు చూస్తే ఆ పూట ముద్ద దిగదు. మా అక్క క్లెమాన్స్ దాన్ని మొదటిసారి చూసినప్పుడు, "ఛీ! గుర్రాన్ని బేరమాడేవాడు పళ్లు చూసినట్టు చూశాడే," అని అట్టను బల్ల మీద బోర్లా పడేసింది.

మా బావ పేరు తియోఫిల్ డెరోష్. న్యూ ఆర్లియన్స్‌లో ఫ్రెంచి మాట్లాడే నల్లవాళ్ల పేట అయిన మా సెవెంత్ వార్డు వాళ్లు ఆయన్ను ముందు తాపీమేస్త్రీగానే ఎరుగుదురు. పెద్ద పెద్ద ఇళ్లలో పైకప్పు అంచుల వెంట పూలూ తీగలూ దిద్దేవాడు. సాయంత్రమైతే ఒళ్లు కడుక్కుని, తెల్ల చొక్కా వేసుకుని ట్రంపెట్ పట్టేవాడు. చిన్నప్పుడు ఆయనకు సంగీతం నేర్పిన ముసలాయన ఏడాది పాటు వాయిద్యం ముట్టుకోనివ్వలేదట. నోటితో స్వరాలు పాడించి, తప్పు వస్తే వేళ్ల మీద వాయించేవాడట. అందుకేనేమో, మా బావ వాయింపులో ఎక్కడా మట్టి ఉండేది కాదు. పెళ్లిళ్లలో ఆయన వాల్ట్జ్ అనే డాన్సు పాట ఎత్తుకుంటే మోకాళ్ల నొప్పులని కూర్చున్న ముసలమ్మలు కూడా లేచేవాళ్లు. పక్కన పియానో నాదే కాబట్టి ఇదంతా నేను కళ్లారా చూసిందే.

అరవై దాటాక ఆయన పళ్లు ఒక్కొక్కటే కదిలి ఊడిపోయాయి. పళ్లు లేకపోతే పెదవికి ఆసరా ఉండదు. ట్రంపెట్ మూతి పెదవిని దాటి నేరుగా చిగుళ్ల మీద కూర్చుంటుంది. మా బావ వాయించడం మానేశాడు. ఎవరైనా అడిగితే, "నా దుకాణం మూసేశానయ్యా," అని నవ్వేవాడు. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

1961 వేసవిలో ప్రెంటిస్ వచ్చాడు. ఒహాయోకు చెందిన తెల్లవాడు. పాత వాయిద్యగాళ్లను వెతికి పట్టుకుని, వాళ్లు చచ్చిపోయేలోగా టేపు మీదికి ఎక్కించడం అతని పిచ్చి. మా బావకు కొడుకు వయసువాడు. అయినా "తియో" అనే పిలిచేవాడు. మా బావ మాత్రం "ప్రెంటిస్ గారూ" అనాల్సిందే. అప్పట్లో మా ఊళ్లో అలాంటివి ఎవరూ ఎత్తి చూపేవాళ్లు కాదు.

"రెండు నెలలు ఓపిక పట్టండి," అన్నాడు మా బావ. "పళ్లు కట్టించుకుంటున్నాను. అలవాటయ్యాక మీకు కావలసినంత వాయిస్తాను."

"అంతదాకా ఉండను, తియో. శుక్రవారం వెళ్లిపోతున్నా. నీకు గుర్తున్న పాటలు ఊరికే ఒకసారి వాయించు. అదే చాలు."

మా పేటవాళ్ల సహాయ సంఘం హాల్లో మైకులు పెట్టాడు. డ్రమ్ముల మీద మా పాత జట్టులోని న్యూమా, పియానో నేను. ఫ్యాన్ చప్పుడు టేపులో పడుతుందని ఫ్యాన్లు ఆపించాడు. కిందటి వారం నుంచి మా బావ దవడలో చీము పట్టి ఉంది. పాట పాటకీ మధ్య ఉప్పునీళ్లు పుక్కిలించి డబ్బాలో ఉమ్మేవాడు. ఆ నీళ్లు ఎర్రగా ఉండేవి. స్వరాలు పగిలిపోతున్నాయి, జారుతున్నాయి, కొన్ని అసలు పుట్టడమే లేదు. ఎత్తుకున్న వాల్ట్జ్ సగంలో ఆపి ఫ్రెంచిలో తనను తానే బండబూతులు తిట్టుకున్నాడు. ఆ వాసన, ఆ ఉక్క, ఆ డబ్బా. నేను మొహం పక్కకు తిప్పుకుని వాయించాను. ప్రెంటిస్ మాత్రం చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లు రెండు చేతులతో అదిమి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. గుళ్లో నిలబడ్డవాడిలా.

అయిపోయాక మా బావ అతని దగ్గరికెళ్లాడు.

"ఇవి ఎవరికీ వినిపించకండి. పాటలు నాకు గుర్తున్నాయని మీకు తెలియడానికి, అంతే. వచ్చే ఏడు రండి, అసలువి వాయిస్తాను."

"అలాగే, తియో, అలాగే," అన్నాడు ప్రెంటిస్, వైర్లు చుట్టుకుంటూ.

చలికాలానికల్లా రికార్డు బయటికొచ్చింది. దాని మీదే ఆ నోరు. అట్ట వెనకాల ప్రెంటిస్ రాసింది న్యూమా మా వంటింట్లో కూర్చుని పైకి చదివాడు. ఈ పగిలిన స్వరంలో రెండు వందల ఏళ్ల దుఃఖం ఉందట. చదువుకున్న సంగీతానికి అందని ఆదిమ వేదన అట. బానిసల గొలుసుల చప్పుడు వినిపిస్తోందట.

"గొలుసులేమిట్రా?" అన్నాడు మా బావ. "అది కింది దవడలో చీమురా."

న్యూమా పొట్ట పట్టుకుని నవ్వాడు. మా బావ నవ్వలేదు. లేచి వెళ్లి తొట్లో తుపుక్కున ఉమ్మి, నోరు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. మళ్లీ లేచి వెళ్లి మళ్లీ కడుక్కున్నాడు.

ఆ రికార్డు బాగా అమ్ముడుపోయింది. ఎక్కడెక్కడి వాళ్లో మెచ్చుకున్నారు. చర్చిలో మా పక్క బెంచీ ఆవిడ అక్కను ఆపి, "మీ ఆయన్ని పుస్తకాల్లో వేశారటగా!" అంది. "అవును, చిగుళ్లు వేశారు," అంది అక్క.

ఆ తర్వాత మా బావకు పట్టుదల వచ్చింది. పళ్లు కట్టించుకున్నాడు. కట్టుడు పళ్లతో ట్రంపెట్ వాయించడమంటే కొత్తగా నేర్చుకోవడమే. గాలి ఎక్కడ తన్నుతుందో, సెట్టు ఎప్పుడు ఊడి నాలుక మీద పడుతుందో తెలియదు. పెరట్లో సున్నం బస్తాలు పెట్టుకునే షెడ్డులో కూర్చుని ఒకే స్వరాన్ని పట్టుకుని సాగదీసేవాడు. మొదట్లో ఆ మోత వింటే ప్రాణం విసిగిపోయేది.

"బావా, పిల్లిని తొక్కుతున్నావా ఏమిటి?" అని అరిచేదాన్ని.

"నోర్ముయ్యవే ఒడాలీ! పిల్లి ఇంకా నయం, తొక్కితేనే అరుస్తుంది. నువ్వు ఊరికే అరుస్తావు," అనేవాడు లోపలి నుంచి.

ఒకరోజు అక్క ఇస్త్రీ చేస్తోంది, నేను బీన్స్ ఏరుతున్నాను. షెడ్డులోంచి మా పాత వాల్ట్జ్ వినిపించింది. ఎక్కడా తడబాటు లేదు. పైస్వరం దగ్గర మునుపటిలాగే కాస్త ఆగి, మెత్తగా అందుకున్నాడు. అక్క చేతిలో ఇస్త్రీపెట్టె గుడ్డ మీదే ఉండిపోయింది. వాసన వచ్చాక గానీ ఇద్దరం చూసుకోలేదు. దిండు గలీబు కాలిపోయింది. అక్క తిట్టలేదు, ఏడ్చింది.

ఇచ్చిన మాట ప్రకారమే మరుసటి ఏడు ప్రెంటిస్ వచ్చాడు. అదే హాలు, అవే మైకులు. ఈసారి అక్క కూడా వచ్చి, చర్చికి వెళ్లే టోపీ పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది. మా బావ ఆ వాల్ట్జే వాయించాడు. నా జన్మలో ఆయన అంత బాగా వాయించగా వినలేదు. చివరి స్వరం ఆగాక న్యూమా డ్రమ్ము కర్రలు ఒళ్లో పెట్టుకుని, "అబ్బ!" అన్నాడు.

ప్రెంటిస్ అరచేత్తో మెడ రుద్దుకుంటున్నాడు.

"బాగుంది, తియో. చాలా శుభ్రంగా ఉంది. కానీ ఇలా హోటళ్లలో ఎవరైనా వాయిస్తారు. పోయినసారి ఉన్నది ఇందులో లేదు."

"పోయినసారి పళ్లు లేవు, ప్రెంటిస్ గారూ."

"అదే నేననేది." దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అవి తీసేసి ఒకసారి వాయిస్తావా?"

న్యూమా పక్కున నవ్వాడు, వేళాకోళమనుకున్నాడు పాపం. ప్రెంటిస్ మొహం చూసి ఆగిపోయాడు.

మా బావ వెనక్కి తిరిగి, "క్లెమాన్స్, ఇలా రా," అని పిలిచాడు. అక్క వచ్చి పక్కన నిలబడింది. "ఇప్పుడు చెప్పండి ప్రెంటిస్ గారూ. మా ఆవిడ వినాలి. నన్నేం చెయ్యమన్నారు?"

చెప్పడేమో అనుకున్నాను. చెప్పాడు. సిగ్గు లేకుండా, పైగా ఎంతో మర్యాదగా, అక్కకు అర్థమయ్యేలా మళ్లీ చెప్పాడు. రికార్డు కొనేవాళ్లకు ఆ పగులు కావాలట, నిజమైనది అదేనట.

అక్క అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "మీ అమ్మ బతికుందా బాబూ?" అని అడిగింది.

"ఉందండీ."

"ఆవిడ పళ్లు కూడా పీకించి పాడించుకో. కన్నీళ్లు ధారగా వస్తాయి."

మా బావ ట్రంపెట్‌లో నీళ్లు దులిపి, గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టుకున్నాడు. నలుగురం ఎండలో ఇంటికి నడిచొచ్చాం. నాకైతే ఒంటి మీద ఏదో పాకినట్టే ఉంది. స్నానం చేసినా పోలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. వసంతంలో ఇంకో రికార్డు వచ్చింది. మొదటిసారి టేపుల్లో మిగిలిపోయిన చెత్తంతా అందులో పెట్టాడు. సగంలో ఆపిన వాల్ట్జ్, దగ్గు, డబ్బాలో ఉమ్మిన చప్పుడు, ఫ్రెంచి బూతులు, అన్నీ. బూతుల్ని అట్ట వెనకాల ప్రార్థన అని రాశాడు. అది చూసి న్యూమాకు కూడా నవ్వు రాలేదు.

దాన్ని ఇవ్వడానికి ప్రెంటిస్ స్వయంగా మా ఇంటికే వచ్చాడు. అంత చేసి గుమ్మం ఎలా తొక్కగలిగాడో! మా బావ తలుపు సగమే తెరిచాడు. రికార్డు అందుకోలేదు.

"ఆ రోజు నేను పళ్లు పెట్టుకుని వాయించిన వాల్ట్జ్ టేపు ఏది?" అని అడిగాడు. "మిషన్ తిరుగుతూనే ఉందిగా. దాన్ని మీరేమీ చేసుకోరు. మా ఆవిడకు ఇవ్వండి."

"అదా... టేపు ఖరీదైంది, తియో. దాని మీదే వేరే బ్యాండును ఎక్కించేశాను. నది అవతలివాళ్లు. అద్భుతంగా ఉన్నారు. వాళ్ల ట్రంపెట్ ఆయనకు ఎనభై ఏళ్లు, ఒక కన్ను కనపడదు."

మా బావ అతని బూట్ల వంక చూశాడు. తిడతాడనుకున్నాను. తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా మూసేసి లోపలికొచ్చి, "కాఫీ పెట్టవే ఒడాలీ, నోరంతా చేదుగా ఉంది," అన్నాడు.

ఆయన ఇంకో మూడేళ్లు బతికాడు. మైకున్న చోట మళ్లీ వాయించలేదు. సంఘం డాన్సుల్లో, మావాళ్ల అంతిమయాత్రల్లో మాత్రం పళ్లు పెట్టుకుని, సూటు వేసుకుని వాయించాడు. కుర్రాళ్లు పాతకాలం వరస అని మొహం తిప్పుకునేవాళ్లు. ఆయన పట్టించుకోలేదు. గుండె ఆగిపోయింది కూడా పనిలోనే, నిచ్చెన మెట్టు మీద, చేతిలో తాపీతో.

ఇప్పటికీ ఎవరో ఒకరు మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. కిందటి నెల బెల్జియం నుంచి ఒకతను వచ్చాడు. సన్నగా, మంచివాడిలా ఉన్నాడు. ఫ్రెంచి మాట్లాడాడు కాబట్టి లోపలికి రానిచ్చాను. ఆ రెండు రికార్డులూ సంచీలో తెచ్చుకున్నాడు. నోరున్న అట్టను నా వంటింటి బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి వేసి, తన తల్లి పోయినప్పుడు రోజూ ఇది విని ఏడ్చేవాణ్నని చెప్పాడు. చెబుతూ చెబుతూ మళ్లీ ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు. దొంగ ఏడుపైతే గెంటేసి సుఖంగా ఉండేదాన్ని.

"అది పంటినొప్పి బాబూ," అన్నాను.

అతనికి అర్థం కాలేదు. ఎంత బాగా చెప్పారండీ అన్నట్టు తలూపి, సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు.

"ముందు ఆ అట్ట తియ్యి నా బల్ల మీంచి," అన్నాను. అతను తీసి సంచీలో పెట్టుకున్నాడు. నేను గుడ్డ తడిపి, అది పెట్టినంత మేరా తుడిచాను.