తువ్వాల కింద ప్రార్థన

పాస్టరు పనిలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, ప్రార్థన ఎక్కడైనా చేయవచ్చని నాకు గట్టి నమ్మకం ఉండేది. బస్టాండులో చేసేవాణ్ని, దవాఖానలో చేసేవాణ్ని, ఎవరైనా కొత్త ఆటో కొన్నారంటే దాని హెడ్‌లైటు మీద చేయి పెట్టి చేసేవాణ్ని. ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు గానీ, పశువుల సంతలో మాత్రం చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని చేస్తాను. ఎందుకో చెప్పాలంటే మా జొన్నరొట్టెల పెద్దమ్మ గురించి చెప్పాలి, ఒక ఎద్దు గురించి చెప్పాలి, నా తెలివి గురించి కూడా కొంచెం చెప్పాలి. (కొంచెమే. ఉన్నదే అంత.)

నా మొదటి సంఘం పెబ్బేరు దగ్గర ఒక చిన్న ఊళ్లో. రేకుల కప్పు గుడి, చేత్తో తాకితే కీచుమని అరిచే మైకు, కూలికి పోయి వచ్చి కూర్చోగానే కునుకు తీసే విశ్వాసులు. నన్ను ఇంకా ఖాయం చేయలేదు. గద్వాలలో ఉండే మా పెద్దయ్యగారు, అంటే ఆ చుట్టుపక్కల పాస్టర్లందరికీ పైవారు, ఒకనాడు వచ్చి నా ప్రసంగం విని, ఉంచాలో పంపాలో తేల్చాలి. ఆయన ఎప్పుడు వస్తారోనని నేను అద్దం ముందు నిలబడి ప్రసంగాలు చెప్పుకునేవాణ్ని. నా వంట చూసి జాలిపడి సాయంత్రంపూట జొన్నరొట్టెలు తెచ్చిపెట్టే పెద్దమ్మ కిటికీలోంచి చూసి, "అయ్యగారికి ఒంటరితనం ఎక్కువైంది, జర పెండ్లి జేయుండ్రి" అని ఊరంతా చెప్పింది.

ఆ పెద్దమ్మకు భర్త లేడు. కొడుకు బొంబాయిలో బిల్డింగుల పనికి పోయాడు. ఈమె మాత్రం గుట్ట కింద ఒక చిన్న చెలకను కౌలుకు పట్టుకుని, దాన్ని వదలనని భీష్మించుకుని కూర్చుంది. ఆ ఏడాది వానలకు ముందు ఆమె కాడెద్దుల్లో ఒకటి రోగమొచ్చి చచ్చిపోయింది. రాళ్ల చెలకకు ట్రాక్టరు రావాలంటే పెద్ద రైతుల పనులన్నీ అయ్యాకే, అప్పటికి నేలలో పదును ఆరిపోతుంది. భూమి గలాయన ముందే చెప్పేశాడు, తొలి వానకు విత్తనం పడకపోతే కౌలు ఇంకొకరికి ఇస్తానని. అందుకని కొడుకు పంపిన డబ్బు కొంగున ముడేసుకుని, నన్ను కూడా వెంట తీసుకుని, పెద్దమ్మ పెబ్బేరు సంతకు బయలుదేరింది. "మీరు పక్కకు ఉంటే దళారులు మోసం జేయరు అయ్యా" అంది. నాకు ఛాతీ కొంచెం ఉబ్బింది.

సంతలో ఆమె ఒక ఎర్ర ఎద్దును చూసి మనసు పడింది. "గీడనే నిలవడుండ్రి, దాని పండ్లు జూసొస్త" అని వెళ్లింది. నేను ఊరికే నిలబడడం ఎందుకని పక్కనే కట్టేసి ఉన్న తెల్ల ఎద్దు వీపు నిమురుతున్నాను. అంతలో బుర్రమీసాల దళారి ఒకడు వచ్చి, నన్ను కిందికీ మీదికీ చూసి, భుజం మీది తువ్వాల తీసి తన చేతి మీద కప్పుకుని, ఆ చేయి నా ముందుకు చాపాడు. కళ్లతోనే పిలిచాడు.

ఇప్పుడైతే మీరందరూ నవ్వుతారు. సంతలో ధర నోటితో చెప్పరనీ, పక్కవాడికి తెలియకుండా తువ్వాల కింద వేళ్లు పట్టుకుని నొక్కి బేరం చేస్తారనీ ఆ ప్రాంతంలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియదు. గుడారాల కాలం నుంచి పశువులు తోలుకున్న భక్తుల చరిత్ర అంతా చదివాను గానీ ఈ సంగతి అందులో లేదు. అందుకని నాకేమనిపించిందంటే, పాపం ఈయన నా చేతిలోని బైబిలు చూశాడు, ప్రార్థన కావాలి, నలుగురూ చూస్తారని సిగ్గుపడి గుడ్డ కప్పుకున్నాడు అని. గుండె కరిగిపోయింది. తువ్వాల కింద ఆయన చేయి పట్టుకుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టాను.

నేను చప్పగా ప్రార్థించే మనిషిని కాను. ఆవేశం వచ్చినప్పుడల్లా ఎదుటివారి వేళ్లు నొక్కుతాను. ఆయన కుటుంబం కోసం రెండు వేళ్లు నొక్కాను, పశువుల కోసం మూడు నొక్కాను. ఒక కన్ను తెరిచి చూస్తే ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. పశ్చాత్తాపం అనుకుని ఇంకా గట్టిగా నొక్కాను. చివర "ఆమేన్" అంటూ చేయంతా పట్టి పిసికాను. ఆయన చటుక్కున తువ్వాల లాగి నా అరచేతి మీద ఒక్కటి చరిచాడు.

"అయిపాయె! ఎద్దు మీదే సారూ! కండ్లు మూసుకొని బేరం జేసేటోణ్ని ఇయ్యాలనే జూస్తున్న!"

నేను బేరం చేయలేదని, ప్రార్థన చేశానని చెప్పాను. చుట్టూ మూగినవాళ్లంతా నాకే ఎదురుసాక్ష్యం చెప్పారు. "మేం జూసినం గద, చెయ్యి వట్టిండు." "అంతసేపు బేరం నేనైతే ఎన్నడు జూడలే." చేయి చరిచాక బేరం వెనక్కి పోదట. ఇంతలో పెద్దమ్మ వచ్చింది. నేను పలికిన ధర ఆమె కొంగున ఉన్నదానికి సరిగ్గా సరిపోయింది. (దేవుడి లీలల్లో నాకు ఇప్పటికీ అంతుబట్టనిది ఇదొక్కటే.) ఎర్ర ఎద్దు వైపు ఒకసారి చూసి, ఆమె అటు తిరిగి ముడి విప్పింది. తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

తిరుగుదారిలో ఆ ఎద్దు కర్నూలు రోడ్డు మధ్యకు వచ్చి, తాపీగా పడుకుంది. మేము అదిలించాం, తాడు లాగాం, తోక మెలిపెట్టాం. వెనక లారీలు బారులుతీరి హారన్లు మోగిస్తుంటే నా చెవులు పగిలిపోయాయి గానీ అది చెవి కూడా కదపలేదు. ఒక లారీ డ్రైవరు తల బయటపెట్టి, "ఏందన్నా గిది, తెలుగు తెల్వదా ఏంది? రాయచూరు దిక్కు ఎద్దేమో, కన్నడంల చెప్పి జూడు!" అన్నాడు.

మా అమ్మమ్మది రాయచూరు పక్కన ఊరు. నాకు వచ్చిన కన్నడమంతా ఆమె అన్నం తినిపిస్తూ నన్ను బతిమాలిన కన్నడమే. వేరే గతిలేక ఎద్దు పక్కన కూర్చుని, మూపురం మీద చేయి వేసి నిమురుతూ, "బారో కందా, ఒందే తుత్తు" (రా నాయనా, ఒక్క ముద్దే) అన్నాను. ఎద్దు లేచి నిలబడింది. లారీలవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆ రోజుతో నా బతుకు మారిపోయింది. పొద్దున "అయ్యగారూ, ఎద్దు నీళ్లకు వస్తలేదు," మధ్యాహ్నం "అయ్యగారూ, ఎద్దు బండి కాడ నిలవడ్డది." నేను పోవాలి, మూపురం మీద చేయి వేయాలి, అమ్మమ్మ కన్నడం చెప్పాలి. పెద్దమ్మ కూడా నేర్చుకుని దూరం నుంచి "బారో కందా" అని అరిచేది గానీ అది వినేది కాదు. "మీ యాస వేరే ఉన్నది అయ్యా" అని ఒప్పుకుంది. ఆదివారాలు ఆమె దాన్ని గుడి పక్కనే కట్టేసేది. మైకు కీచుమంటే సంఘమంతా చెవులు మూసుకునేది, ఎద్దు మాత్రం కదలకుండా నెమరువేసేది. లోకపు రొదకు చలించని విశ్వాసానికి ఉదాహరణగా ఆ ఎద్దును చూపి నేను ఒక ప్రసంగమే చేశాను. కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు.

తొలి వాన శనివారం సాయంత్రం పడింది. పెద్దయ్యగారు ఆ మర్నాడే వచ్చారు. తెల్లంగీ ఇస్త్రీ చేసుకుని, దేవుడు పిలిచినప్పుడు ఉన్నపళంగా లేచి వెళ్లాలని నేను గొంతు చించుకుంటున్నాను. పెద్దయ్యగారు ముందు వరుసలో తల ఊపుతున్నారు. ఇక ఖాయమైపోయినట్టే అనుకుంటుండగా, కాళ్లకు మోకాళ్లదాకా బురదతో పెద్దమ్మ గుమ్మంలో నిలబడింది.

"మీ మాటకు అడ్డం వస్తున్న, తప్పు వట్టకుండ్రి. ఎద్దు సాలు నడుమ పండుకున్నది. మా తమ్ముడు కొట్టి కొట్టి యాష్టపడ్డడు. ఎండ గొడుతున్నది అయ్యా, పదును పోతది."

నేను పెద్దయ్యగారి వైపు చూశాను. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. పెద్దమ్మ చేతిలో విత్తనాల గుల్ల ఇంకా నిండుగానే ఉంది. నేను చెబుతున్న ప్రసంగమే నాకు అడ్డం తిరిగింది. మైకు పెట్టేసి దిగాను. నా వెనక సంఘమంతా లేచింది, ఎందుకంటే ప్రసంగం కంటే అది చూడడానికి బాగుంటుంది.

తెల్లంగీ నడుముకు దోపుకుని, మూపురం మీద చేయి వేసి, "బారో కందా" అంటూ ఆ ఎద్దు పక్కన నడిచాను. పెద్దమ్మ తమ్ముడు విత్తే గొర్రు పట్టాడు. ఆడవాళ్లు వంతులవారీగా విత్తనాలు జారవిడిచారు, మొగవాళ్లు రాళ్లు ఏరారు. జీవితమంతా కూలికి పోయినవాళ్లు గదా, నా ప్రసంగంలో ఎప్పుడూ చూడని హుషారు అక్కడ చూశాను. ఎండ నడినెత్తికి రాకముందే చెలక అయిపోయింది. గట్టు మీద బురదంటిన బూట్లతో పెద్దయ్యగారు నిలబడి ఉన్నారు.

"ఆశీర్వచనం ఇవ్వకుండా ఆరాధన వదిలేసి రాకూడదు. ఆ మాత్రం తెలియదా?" అని గద్దించారు. తల దించుకున్నాను. ఇక సామాన్లు సర్దుకోవడమే అనుకున్నాను. ఆయన బూట్లు విప్పి, చెలకలోకి దిగి, రెండు చేతులూ ఎత్తి, ఆ దున్నిన నేలలోనే ఆశీర్వచనం ఇచ్చారు. అందరం తల వంచాం. ఎద్దు మాత్రం పడుకుంది.

పెద్దమ్మ కౌలు నిలిచింది. నా ఉద్యోగమూ నిలిచింది. ఆ పెద్దమ్మా లేదు, ఆ ఎద్దూ లేదు ఇప్పుడు. నాకు తల నెరిసింది, గద్వాలలో పక్కా గుడిలో, కీచుమనని మైకులో ప్రసంగాలు చెబుతున్నాను. మొన్న పనిమీద పెబ్బేరు పోతే హోటల్లో ఆ బుర్రమీసాల దళారి కనిపించాడు. మీసాలు తెల్లబడ్డాయి గానీ నన్ను వెంటనే గుర్తుపట్టి ఛాయ్ చెప్పాడు. ఎద్దు సంగతి ఎత్తి, అది కన్నడానికే కదిలేదని గొప్పగా చెప్పాను.

ఆయన ఛాయ్ కింద పెట్టేసి నవ్వాడు. "కన్నడం ఏడికెల్లి వచ్చె సారూ? అది మన గద్వాల పక్క అయిజ దిక్కు ఎద్దు. పుట్టు చెవుడు దానికి. గందుకే గద మీకు అమ్మిన."

ముందు నేను కూడా నవ్వాను, ఛాయ్ చొక్కా మీద పడేంతగా. బస్సు ఎక్కాక మాత్రం నవ్వు ఆగింది. మా అమ్మమ్మ మాట ఒక్కటీ దాని చెవిన పడలేదన్నమాట. దానికి తెలిసింది మూపురం మీది చేయి ఒక్కటే. ఇన్నేళ్లుగా నేను చెప్పిన ప్రసంగాలు గుర్తుకొచ్చాయి, వాటిలో ఎన్ని ఎవరి చెవిన పడ్డాయో అనిపించి దిగులేసింది.

ఈమధ్య ఆరాధన అయ్యాక గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి చేయి కాస్త ఎక్కువసేపు పట్టుకుంటున్నాను. పోయిన ఆదివారం ఒక ముసలాయన చేయి వదలకుండా నిలబడితే, వెనక నుంచి మా ఆవిడ నా చెవిలో అంది: "జర పైలం, మళ్ల ఎద్దు ఇంటికొస్తది."