దిగే చోటు

పొద్దున మా వీధిలోంచి మిరప బస్తాల లారీ వెళ్ళింది. తలుపు వేసేలోపే ఘాటు ఇంట్లోకి వచ్చేసింది. వరసగా తుమ్ములు, కళ్ళలో నీళ్ళు. ఆ ఘాటుకు ఎవరికైనా పచ్చడి గుర్తుకు రావాలి, రైతుకైతే ధర గుర్తుకు రావాలి. నాకు మాత్రం సిమెంటు గచ్చు మీద చక్రాలు గరగరలాడే చప్పుడు గుర్తుకొస్తుంది. ఆ గచ్చు మీద బోర్లా పడుకుని గడ్డం నేలకు ఆనించి కెమెరా పట్టుకున్న నేను, నా తల దగ్గర నిలబడి "ఇంకా కిందికి వీరన్నా, ఇంకా కిందికి" అంటున్న రాజేశ్వరి టీచర్ గుర్తుకొస్తాం.

ఆమెను మీరు చూడలేదు కాబట్టి చెప్పాలి. అందంగా చెప్పడం నాకు రాదు. నలభై దాటాక పెద్దల బడిలో పలక పట్టినవాణ్ణి. మాట్లాడినట్టే రాస్తాను, నచ్చినవాళ్ళు చదవండి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సారపాకలో నాకొక చిన్న ఫొటో స్టూడియో ఉండేది. అప్పటికింకా రీళ్ళే. రేషను కార్డుకు, బస్సు పాసుకు, మిల్లు గేటు పాసుకు ముఖాలు తీయడమే నా పని. మెడ కింద మనిషికి ఏముందో నాకు అక్కర్లేదు. ఖమ్మంలో నాకు పని నేర్పిన గురువు, కెమెరా రెప్ప ఎంత వేగంగా మూసుకోవాలో చెప్పే చక్రాన్ని అరవై అంకె దగ్గర పెట్టి, "ఫ్లాషు కొట్టాలంటే ఇదే. ఇది దాటితే సగం ఫొటో నల్లగ వస్తది. చెయ్యి పెట్టకు" అన్నాడు. నేను పెట్టలేదు. పెళ్ళికి అరవై, పేరంటానికి అరవై, శవానికి అరవై. ఆ చక్రం తిరుగుతుందన్న సంగతే మర్చిపోయాను.

రాజేశ్వరి టీచర్ ఆడపిల్లల హాస్టలు బడికి డ్రిల్లు నేర్పడానికి వచ్చింది. ఇల్లెందు మనిషి, బొగ్గుబాయి కార్మికుడి కూతురు. ఈల అక్కర్లేని గొంతు. ఒకనాడు స్టూడియో గడపలో నిలబడి, పలకరింపు కూడా లేకుండా అడిగింది.

"అన్నా, నీ కెమెరా బయటికి వస్తదా, గా కుర్చీకే కట్టేసుంటదా?"

"పిలిస్తే ఎక్కడికైనా వస్తది. పెళ్ళెవరిది మేడం?"

"పెళ్ళి కాదు. మా పిల్లలు స్కేటుబోర్డు తొక్కుతుండ్రు. ఫొటోలు తీసియ్యి. బడిల పెడితే మిగతా పిల్లలకు ధైర్యమొస్తది."

స్కేటుబోర్డంటే ఏమిటో నాకు తెలియదు. వెళ్ళి చూస్తే, నాలుగు చక్రాలున్న చెక్క. హైదరాబాదులో శిక్షణకు వెళ్ళినప్పుడు తెచ్చిందట. హాస్టలు వెనక మిరపకాయలు ఆరబోసే పెద్ద సిమెంటు కళ్ళం ఉండేది. పంట లేని రోజుల్లో అది ఖాళీ. ఒక పక్కన లారీలకు బస్తాలెక్కించే అరుగు, మోకాలెత్తు. సిమెంటు సందుల్లో మిరప పొడి ఇంకా మిగిలే ఉండేది. చక్రాలు తిరిగితే లేచేది. పిల్లలు తుమ్ముకుంటూ తొక్కేవాళ్ళు. అందరిలోకీ సమ్మక్క అనే పిల్ల గట్టిది. భద్రాచలం అడవి అంచు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేది. అరుగు మీద పరుగందుకుని, చెక్కతో సహా గాలిలోకి వెళ్ళి, కిందికి దిగి, ఆగకుండా సాగిపోయేది.

నేనేం చేశానో వినండి. పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, చెక్కలు గుండెలకు హత్తుకోమని, "కదలొద్దు, ఇటు చూడుండ్రి" అన్నాను. టీచర్ నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది.

"వీళ్ళకేమన్న గేటు పాసులు ఇప్పిస్తున్నవా? కదులుతరన్నా. కదిలితేనే గదా ఆట."

సరే, కదిలేటప్పుడు తీశాను. సమ్మక్క ఎగిరినప్పుడల్లా నొక్కాను. రీలు ఖమ్మం లాబుకు బస్సులో పంపితే, వారానికి ఫొటోలు వచ్చాయి. ఎగిరినవన్నీ పొగ. మనిషో, గాలికి లేచిన తువ్వాలో తెలియదు. స్పష్టంగా వచ్చినవి కొన్ని ఉన్నాయి. అవి పిల్ల కింద పడ్డవి. పడ్డప్పుడు మనిషి కదలదు కదా, అరవై మీదున్న కెమెరాకు అవే అందాయి. మా వృత్తిలో ముఖం స్పష్టంగా వచ్చి, కళ్ళు తెరుచుకుని ఉంటే అది మొదటిరకం ఫొటో. మొదటిరకం ఫొటోను పెద్దది చేయించి స్టూడియో ముందు అద్దంలో పెట్టడం ఆనవాయితీ. ఆనవాయితీ ప్రకారం పెట్టాను. సమ్మక్క వెల్లకిలా పడి ఉంది, చెక్క ఒకవైపు, కాలొకవైపు. కళ్ళు మాత్రం ఎంత బాగా తెరుచుకున్నాయో!

ఆదివారం సంత. సమ్మక్క తండ్రి ముత్తయ్య వెదురు నరికే పనిచేసేవాడు. సంతకొచ్చి, మా అద్దం ముందు ఆగాడు. లోపలికి వచ్చి అడిగాడు.

"గా అద్దంల ఉన్నది మా బిడ్డనా?"

"అవ్. మంచిగొచ్చింది గదా?" అన్నాను, బుద్ధిలేక.

ముత్తయ్య వెనక్కి తిరిగి, నేరుగా హాస్టలుకు నడిచాడు. అనుమానం వచ్చి నేనూ షట్టరు దించి వెనకే వెళ్ళాను. టీచర్ ఎదురొచ్చింది.

"చదువుకొమ్మని పంపిన మేడం, గచ్చుల మీద పడి దొర్లమని కాదు. నా బిడ్డను తోలుకపోత. మళ్ళ పంప."

మా ఊళ్ళల్లో "మళ్ళ పంప" అన్న మాటకు తిరుగుండదు. అట్లా ఇంటికి వెళ్ళిన ఆడపిల్లలు మిరప తోటల్లో కూలికి కనబడేవాళ్ళు గానీ, బడిలో కనబడేవాళ్ళు కాదు. సమ్మక్క తలుపు వెనక నిలబడి వింటోంది. టీచర్ వాదించలేదు.

"నీ బిడ్డ, నీ ఇష్టం ముత్తన్నా. పడ్డది ఫొటోల చూసినవ్. తొక్కుడు నీ కండ్లతోని చూసి తోలుకపో. వచ్చే సంత దాంక ఆగు."

ముత్తయ్య ఒప్పుకున్నాడు, అయిష్టంగానే. అతను వెళ్ళాక ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "రేపు పొద్దుగాల్ల కళ్ళం కాడికి రా. చూసుడు నేర్పిస్త" అంది.

ఆ వారం నాకు రెండో బడి. పలక బడిలో ఎంత సిగ్గుపడ్డానో, అక్కడా అంతే సిగ్గుపడ్డాను. ఆమె కెమెరా ముట్టుకోలేదు, దాని సంగతి తనకు తెలియదంది. ఆమెకు తెలిసింది ఒళ్ళు. "పిల్ల మొఖం చూడకన్నా, మోకాలు చూడు. మోకాలు వంగిందంటే లేస్తది. లేచినాక నొక్కితే నీకు దొరికేది నేలనే. వంగినప్పుడే వేలు బిగబట్టు" అనేది. నన్ను పడుకోబెట్టింది. నిలబడి చూస్తే జానెడు కూడా కనబడని ఎత్తు, నేల మీంచి చూస్తే ఆకాశమంత కనబడింది. ఖాళీ కెమెరాతో టకటకా నొక్కుతుంటే పిల్లలు నవ్వేవాళ్ళు. నేనూ నా వంతు చేశాను. ఏళ్ళుగా ముట్టుకోని కెమెరా చక్రాన్ని పట్టుకుని తిప్పితే, మొదట కదల్లేదు, తర్వాత ఐదువందల మీదికి వెళ్ళింది. అంకె పెరిగితే రెప్ప వేగం పెరుగుతుంది, ఎగిరే మనిషి కూడా అందుతుంది. ఎండలో ఫ్లాషుతో పనేముంది? ఆ చిన్న ముక్క ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు.

చివరి రోజు ఆమె అడిగింది. "పిల్ల ఎక్కడ దిగుతది?"

చూపించాను.

"మరి ఫొటోల అదెందుకు కోసేస్తున్నవ్? నీ పాసు ఫొటో అలవాటుతోని పిల్లను నడుమల ఇరికిస్తున్నవ్. ఎగిరేటోళ్ళను చూస్తే ఎవలైనా భయపడతరు. దిగే చోటు గూడ కనబడితే, భయం జర తగ్గుతది."

ఆదివారం ముత్తయ్య వచ్చాడు. అరుగుకు కొంచెం దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను పడుకున్నాను. అరుగు, గచ్చు, దిగే చోటు, అన్నీ కెమెరాలో పట్టేలా వెనక్కి జరిగాను. సమ్మక్క తన తండ్రి వైపు చూడలేదు. మోకాలు వంగింది. నొక్కాను. చక్రాలు గచ్చును తాకిన చప్పుడు, ఆ తర్వాత గరగర సాగిపోయిన చప్పుడు. పడలేదు.

"చూసినవా ముత్తన్నా?" అంది టీచర్.

అతను ముఖం తుడుచుకున్నాడు. "ఏం జూడలే మేడం. కండ్లు మూసుకున్న. నాతోని కాదు. తోలుకపోత."

పిల్ల ముఖం వాడిపోయింది. టీచర్ మాత్రం, "ఒక్క ఫొటో తీసిండు వీరన్న. అది వచ్చేదాంక ఉండనియ్యి. అది చూసి గూడ తోలుకపోతనంటే, బస్సు నేనే ఎక్కిస్త" అంది. అందరూ నావైపు చూశారు. రీలు లోపల ఏముందో నాకు మాత్రం ఏం తెలుసు?

ఖమ్మం నుంచి కవరు వచ్చింది. విప్పి చూసి కూర్చుండిపోయాను. పిల్ల గాలిలో ఉంది, చెక్క పాదాల కిందే ఉంది, వేళ్ళతో సహా స్పష్టం. కింద ఖాళీ గచ్చు, దిగే చోటు. ఆ చోటుకు అవతల, చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి చేతులు కట్టుకుని లేడు. ముత్తయ్య ఒక అడుగు ముందుకు వేసి, రెండు చేతులూ చాపి ఉన్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

సంతనాడు దాన్ని టీచర్‌కు ఇస్తూ, "మేడం, ఆయన కండ్లు మూసుకున్నడు. మా లెక్కల ఇది పనికిరాని ఫొటో" అన్నాను. ఆమె దాన్ని ముత్తయ్య చేతిలో పెట్టింది. సమ్మక్క పక్కనే, బట్టల మూట పట్టుకుని.

అతను ముందు బిడ్డను చూశాడు. తర్వాత తనను చూసుకున్నాడు. "చేతులు నావే. ఎప్పుడు చాపిన్నో ఎరుకలేదు" అన్నాడు.

"చాపినవ్. పట్టుకునే పనే పడలే" అంది టీచర్.

ముత్తయ్య బొటనవేలితో ఫొటోలోని గచ్చును రాశాడు, గరుకు చూసినట్టు. తర్వాత సమ్మక్క చేతిలోంచి మూట తీసుకుని, హాస్టలు గడప లోపల పెట్టాడు.

"మళ్ళెన్నడు తొక్కుతవ్ బిడ్డా? ఈసారి కండ్లు తెరుస్త."

సమ్మక్క పదో తరగతి దాకా అక్కడే ఉంది. టీచర్ బదిలీ మీద వెళ్ళింది. వెళ్ళే రోజున కూడా బస్సు కిటికీలోంచి నేను కెమెరా పట్టుకునే తీరుకు వంక పెట్టింది. తర్వాత నేను చాలా ఆటలు తీశాను. కబడ్డీ, వాలీబాల్, గోదావరిలో దూకే పిల్లలు. ఇప్పుడు ఫోన్లతో వచ్చి నేర్పమనేవాళ్ళు, "తాతా, సెట్టింగు ఏంది?" అని మొదలుపెడతారు. సెట్టింగు తర్వాత చూద్దాం, ముందు ఎగిరేవాడు దిగేది ఎక్కడో చూపించమంటాను. చూపించలేకపోతే ఇంకాసేపు చూడమంటాను. నేనూ అంతే. కెమెరా ఎత్తే ముందు వెళ్ళి ఆ నేల మీద ఒకసారి నిలబడతాను, తర్వాత దూరంగా వచ్చి పడుకుంటాను. పడుకోవడం ఇంకా సులువే. లేవడానికి మాత్రం ఈ మధ్య ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సి వస్తోంది.