ఇటుకలెక్కిన మంచం

ముందుగది సర్దిన ఆ వారంలో మాకు పోయినవి ఇవి: ఎర్రసిరా బుడ్డి ఒకటి, ట్రంకుపెట్టెల తాళంచెవులు రెండు, ఊరగాయ జాడీ మూత ఒకటి, కత్తెర ఒకటి, మా ఆవిడ ఓపిక పూర్తిగా. ఓపిక తరవాత తిరిగి వచ్చింది కాబట్టి దాన్ని జాబితాలోంచి కొట్టేస్తాను. కత్తెర ఇంట్లోనే ఎక్కడో ఉందని ఆవిడ ఇప్పటికీ అంటుంది, నేను ఒప్పుకోను. వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటి పోయింది. అది వస్తువు కాదు. మా ఆవిడ పిన్నిగారి నిద్ర.

అప్పట్లో మేము రాయపూర్ స్టేషనుకు దగ్గరగా రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. లోపలిగది మాకు. ముందుగది పగలు నా కచేరీ, రాత్రి చుట్టాల పడకగది. నేను బడిలో అయిదో తరగతి దాటలేదు. లెక్కలు మాత్రం నా అంతట నేనే నేర్చుకుని, బియ్యం మిల్లుల సేఠ్‌లకు ఏడాది లెక్కలు తేల్చిపెట్టేవాణ్ణి. ఎర్రగుడ్డ అట్టలు వేసిన వాళ్ళ బహీలు, అంటే లెక్కల పుస్తకాలు, గదిలో సగం ఆక్రమించేవి. మిగతా సగం పెట్టెలది. విజయనగరం బండిలో వచ్చే మా రైల్వే చుట్టాలు ఎవరికి బదిలీ అయినా మా ఇంట్లో దిగి, స్నానం చేసి, భోంచేసి, వెళుతూ వెళుతూ ఒక పెట్టె వదిలిపెట్టేవారు. "క్వార్టరు దొరగ్గానే పట్టుకుపోతాం" అనేవారు. క్వార్టర్లు దొరికేవి. పెట్టెలు మా దగ్గరే ఉండేవి.

ఇలా ఉండగా మా ఆవిడ పినతండ్రి పోయారు. దగ్గరివాళ్ళను పోగొట్టుకున్న మనిషిని తీసుకొచ్చి తమ ఇంట్లో మూడు నిద్రలు చేయించడం మా వైపు ఆనవాయితీ. మూడు రాత్రులు నిద్రపోయి లేస్తే దుఃఖం కొంత ఆ ఇంట్లో దిగిపోతుందని నమ్మకం. తల్లి లేని మా ఆవిడను పెంచినది ఆ పిన్నిగారే. ఆవిడ రాయపూర్ రావడానికి ఒప్పుకుందని తెలిసినప్పటినుంచి మా ఆవిడకు వేరే ధ్యాస లేదు.

"మూడు రాత్రులూ పిన్ని మంచం మీద హాయిగా పడుకోవాలి. చెప్పేస్తున్నాను. ఈ సామానంతా ఏం చేస్తారో, మీ ఇష్టం."

"నాకు వదిలెయ్యి. పక్కాగా చేస్తాను."

"మీ పక్కా నాకు తెలీదేటి?"

నేను కొలతలతో మొదలుపెట్టాను. రోజూ కావలసినవి చేతికందే గూళ్ళలో, నెలకోసారి కావలసినవి అటక మీద, ఏడాదికోసారి కావలసినవి మంచం కింద. మంచం కింద పెట్టెలు ఒక్క వరసే పట్టాయి. అప్పుడు తట్టింది ఇటుకల ఉపాయం. ఒక్కొక్క కోడు కింద ఇటుకలు పేర్చి మంచాన్ని పైకి లేపితే పెట్టె మీద పెట్టె, దాని మీద ఇంకో పెట్టె. లెక్క వేసి చూశాను. పై పెట్టెకూ నులకకూ మధ్య నాలుగు వేళ్ళ సందు మిగులుతుంది. సాయంత్రానికి గది నేల కనబడింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "మీరు మామూలువారు కారండీ" అంది. అన్నేళ్ళ కాపురంలో ఆ మాట వినడం అదే మొదటిసారి.

మర్నాడు పిన్నిగారు దిగారు. చిన్న మనిషి. మా ఆవిడ భుజం దగ్గరికి వస్తారు. గదిలోకి వచ్చి, మంచం వైపు తల ఎత్తి చూశారు. అవును, తల ఎత్తే చూశారు.

"ఇదేటి బాబూ, చేను కాపలాకి మంచె కట్టేవా?"

గదిలో ఉన్న ప్రతి వస్తువునూ నేను కొలిచాను. పడుకోబోయే మనిషిని కొలవలేదు. స్టూలు వేసి, చెరో చెయ్యీ పట్టుకుని ఆవిణ్ణి పైకెక్కించాం.

తెల్లవారి చూస్తే పిన్నిగారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు.

"పిన్నీ, నిద్ర పట్టిందా?"

"ఎలా పడుతుందమ్మా? పక్కకి తిరిగితే కింద పడతాననీ, పడితే మీ ఆయన పెట్టెలు పాడవుతాయనీ మెలకువగానే ఉన్నాను. తెల్లారగట్ల ఎలాగో దిగీసి ఇలా గోడకి జేరబడ్డాను. కాస్త కన్నంటుకుంది."

మా ఆవిడ నా వైపు చూసింది.

అంతలో తెలీబంధా వైపు మిల్లునుంచి మునీం, అంటే సేఠ్ గుమాస్తా, సైకిలు మీద దిగాడు. సేఠ్‌కు పోయినేటి బహీ వెంటనే కావాలిట. పోయినేటిది గనక నేను దాన్ని మంచం కింద, అడుగు వరసలో, గోడవైపు పెట్టెలో పెట్టాను. పెట్టెలన్నీ లాగితే గది మళ్ళీ నిండిపోయింది. వాటి మధ్య చిక్కుకుపోయిన పిన్నిగారిని చూసి మునీం ఛత్తీస్‌గఢీలో, "ఖటియా లా ఉతార్ దే నా బాబూ, దాయీ కైసే చఢ్‌హీ?" అన్నాడు.

"ఏటంటున్నాడే?"

"మంచం దించెయ్యమంటున్నాడు పిన్నీ. పెద్దావిడ ఎలా ఎక్కుతుందీ అని."

"వీడెవడో బుద్ధిమంతుడు. ముందు వీడికి కాఫీ ఇయ్యి."

మునీం ఒక పక్కా నేను ఒక పక్కా పట్టి మంచం దించాం. ఇక పెట్టెలు ఎక్కడ పెట్టాలన్నది నాకు తేలలేదు. కాగితం తీసుకుని మళ్ళీ కొలతలు వేస్తుంటే పిన్నిగారు అడిగారు.

"ఇవి ఎవరివి బాబూ?"

చెప్పాను. భిలాయి వెళ్ళినవాళ్ళది ఒకటి, బిలాస్‌పూర్ గార్డుగారివి రెండు, ఇలా.

"వాళ్ళకి ఇళ్ళు లేవా?"

"ఉన్నాయండి."

"మరైతే సర్దడం దేనికి? పంపించెయ్."

నాకు ఆ ఆలోచనే రాలేదు. చుట్టాలు దాచమన్న పెట్టెను తిప్పి పంపడమంటే ఇంటికి వచ్చినవాళ్ళను పొమ్మన్నట్టేనని నా భయం. పిన్నిగారికి అలాంటి మొహమాటం లేదు. వీధి అరుగు మీద పీట వేయించుకుని కూర్చున్నారు. డ్యూటీకి పోయే తెలుగువాడు ఎవడు కనిపించినా కేక.

"ఒరే నాయనా, నీ బండి ఎటు? బిలాస్‌పూరా? రా, రా. గార్డుగారి పెట్టె పట్టుకెళ్ళు. నీకు పుణ్యం ఉంటుంది."

"నేను డ్యూటీలో ఉన్నానండీ మామ్మగారూ..."

"డ్యూటీ బండి చూసుకుంటుందిలే. నువ్వు పెట్టె చూసుకో."

ఆ రోజంతా, మర్నాడంతా అదే సంబరం. ఆ గొడవలోనే తాళంచెవులూ జాడీ మూతా పోయాయి. ఎర్రసిరా బుడ్డి ఒక హోల్డాలులో చుట్టుకుని బిలాస్‌పూర్ దాకా వెళ్ళిందని తరవాత తెలిసింది. పెట్టె తలకెత్తుకున్న ఒక ఖలాసీ ఆవిడకు దణ్ణం పెట్టబోయి, చేతులు ఖాళీ లేక మోకాళ్ళు వంచితే, పిన్నిగారు నవ్వారు. వంటింట్లోంచి మా ఆవిడ పరుగున వచ్చింది, ఆ నవ్వు చూడటానికి.

ఆ రెండు రాత్రులూ పిన్నిగారు దించిన మంచం మీద, కాఫీ వేళ దాటినా లేవకుండా, గురక పెట్టి నిద్రపోయారు.

నాలుగో రోజు పిన్నిగారి రైలు పాసుకు గడువు ఆఖరు. స్టేషనులో బండి ముందు మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"రెండే అయ్యేయి పిన్నీ. మూడు నిద్రలు కాలేదు."

"మొదటి రాత్రి ఇంట్లోనే కదే ఉన్నాను?"

"ఉంటే సరా? నిద్ర పోవాలి కదా!"

పిన్నిగారు నా వైపు తిరిగారు. "లెక్కలవాడివి, నువ్వు తేల్చు బాబూ."

నేను ఆలోచించి చెప్పాను. "మంచం మీద మెలకువకు సున్నా. స్టూలు మీద కునుకుకు అర. మొత్తం రెండున్నర."

"సరిగ్గా చెప్పేవు. అర నిద్రకి రాత్రి దేనికీ? ఒకనాడు మధ్యాన్నం వచ్చి, నీ చేతి పప్పుపులుసు తిని, తీర్చుకుపోతానే అమ్మాయీ."

ఆవిడకు ఇంకా తీరిక కాలేదు. అటునుంచి ఎవరు వచ్చినా వాళ్ళచేత కబురు పంపుతూనే ఉంటారు: అర నిద్ర భద్రంగా ఉందా అని. మంచం నేల మీదే ఉంది. ఇటుకలు తులసికోటకు వాడేశాం. ఎవరైనా పెట్టె వదిలిపెట్టబోతే మా ఆవిడ మంచం కింద ఖాళీని చూపించి, "అది మా పిన్నిదండీ" అంటుంది. వాళ్ళకు అర్థం కాదు, అయినా పెట్టె పట్టుకుపోతారు.

మేము పిన్నిగారికి నేటికీ బాకీ: అర నిద్ర.